ఎగిరే మంచు లెక్కకు ఏటీఎల్09 డేటా: బెంగళూరులో కూర్చుని వాడేవాళ్ల కోసం ఒక రివ్యూ

అంటార్కిటికాలో గాలికి లేచే మంచు ఎక్కడ ఎగురుతోంది, ఎంత తరచుగా, ఎంత ఎత్తు దాకా? ఈ మూడు ప్రశ్నలకు ఉచితంగా దొరికే డేటాలో ఇవాళ ఏటీఎల్09కి సాటి లేదు. దానివల్ల ఏడాదికి ఎన్ని గిగాటన్నుల మంచు తగ్గుతోందన్న నాలుగో ప్రశ్న మాత్రం దీన్ని నేరుగా అడగకూడదు. అడిగితే ఒక అంకె వస్తుంది. ఆ అంకెలో సగం ఉపగ్రహం కొలిచింది, మిగతా సగం మనం ఊహించుకుని పెట్టింది. ఈ తేడా తెలిసి వాడేవాళ్లకు ఇది బంగారంలాంటి డేటా.

నాసా 2018 సెప్టెంబర్ 15న పంపిన ఐస్‌శాట్-2 ఉపగ్రహం నుంచి వస్తుందీ డేటా. దాని మీదున్న అట్లాస్ లేజర్ 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని సెకనుకు 10,000 సార్లు కిందికి కొడుతుంది. మంచు ఎత్తు కొలవడం దాని అసలు పని. నేలకు చేరేలోపు గాలిలో తగిలి వెనక్కొచ్చే కాంతి ఎలాగూ అందుతుంది కాబట్టి, దాంతో మేఘాలనూ ఎగిరే మంచునూ గుర్తుపట్టి ఏటీఎల్09 పేరుతో వేరే ఫైళ్లుగా ఇస్తున్నారు. అమెరికాలోని జాతీయ మంచు సమాచార కేంద్రం ద్వారా దొరుకుతుంది. నాసా ఎర్త్‌డేటా ఖాతా ఒకటి తెరుచుకుంటే చాలు, డబ్బు కట్టక్కర్లేదు.

బెంగళూరులో దీని అవసరం ఇప్పుడు పెరిగింది. నైసార్ ఉపగ్రహాన్ని ఇక్కడి ఇస్రో కేంద్రంలోనే కూర్చి, 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి పంపారు. 12 రోజులకోసారి అదే చోటికి తిరిగొచ్చే ఆ రాడార్‌తో మంచునదులు సముద్రంలోకి ఎంత వేగంగా జారుతున్నాయో తెలుస్తుంది. ఐఐఎస్సీ చుట్టుపక్కల పీజీల్లో ఉంటూ ఎంటెక్, పీహెచ్‌డీ ప్రాజెక్టులు చేస్తున్న మన తెలుగు పిల్లలకు గానీ, రిమోట్ సెన్సింగ్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు గానీ ఆ డేటా చేతికి రాగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. జారిపోయింది ఎంతో తెలిసింది సరే, పైన వచ్చి చేరింది ఎంత?

ఇంటి జమాఖర్చులా చూస్తే జమ వైపు ఉన్నది హిమపాతం ఒక్కటే. ఖర్చు వైపు మంచునదుల జారుడు, కరిగి పారే నీరు (అంటార్కిటికాలో ఇది చాలా తక్కువ), ఉపరితలం నుంచి నేరుగా ఆవిరయ్యేది, గాలిలో ఎగురుతూ ఆవిరయ్యేది, గాలి మోసుకెళ్లి సముద్రంలో పడేసేది. గాలి వల్ల నష్టమనగానే అందరికీ ముందు తోచేది ఈ చివరి పద్దే. నిజానికి అది చాలా చిన్నది. కాలిప్సో అనే పాత లైడార్ (లేజర్‌తో గాలిని పరిశీలించే) ఉపగ్రహం 11 ఏళ్లలో చూసినదాన్ని బట్టి స్టీఫెన్ పామ్ బృందం 2017లో వేసిన లెక్కలో, తీరం దాటి సముద్రంలో పడే మంచు ఏడాదికి 3.68 గిగాటన్నులు. ఎగురుతూ ఉండగానే ఆవిరయ్యేది 393 గిగాటన్నులు, 196 అటూ ఇటూగా. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు.

మంచు తునక నేల మీద పడి ఉన్నప్పుడు పైవైపు మాత్రమే గాలికి తగులుతుంది. లేచాక చుట్టూ పొడిగాలే. ఘనం నుంచి నేరుగా ఆవిరయ్యే ఈ ఉత్పతనానికి కిలోకు 28 లక్షల జూళ్లకు పైగా వేడి కావాలి, అది చుట్టూ ఉన్న గాలి నుంచే వస్తుంది. కాబట్టి గాలి చల్లబడుతుంది, తేమెక్కుతుంది. తేమ నిండేకొద్దీ ఆవిరవడం దానంతటదే నెమ్మదిస్తుంది. పీఠభూమి నుంచి తీరానికి దిగజారే కటబాటిక్ గాలులు మాత్రం దిగుతున్నకొద్దీ ఒత్తిడికి వేడెక్కి మళ్లీ పొడిబారుతాయి. దాంతో ఆవిరవడం ఆగదు. ఈ రెంటిలో ఏది ఎంత మేరకు గెలుస్తుందన్న దాని మీదే మొత్తం అంకె ఆధారపడి ఉంది.

అందుకే వేర్వేరు పద్ధతుల మధ్య తేడా అంత పెద్దది. యూరప్‌లో తయారైన రాక్మో అనే ప్రాంతీయ వాతావరణ మోడల్లో ఎగిరే మంచు భాగాన్ని సరిచేసి 2024లో ప్రచురించిన లెక్క 175 గిగాటన్నుల దగ్గర ఉంది. 393లోంచి 175 తీసేస్తే 218. 2012 నుంచి 2017 దాకా అంటార్కిటికా మొత్తం ఏటా కోల్పోయిన మంచు 219 గిగాటన్నులని ఇంబీ అంతర్జాతీయ బృందం తేల్చింది. ఒక్క పద్దులో రెండు పద్ధతుల మధ్య తేడానే ఖండం మొత్తం నికర నష్టమంత ఉందన్నమాట. 360 గిగాటన్నులకు ప్రపంచ సముద్రమట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, మన కాకినాడ, ఉప్పాడ తీరాలతో సహా. ఈ పద్దును చిన్నదని పక్కన పెట్టేయడానికి వీల్లేదు.

ఇక ఫైలు తెరిస్తే ఏముంటుంది? ఏటీఎల్09 ఫైలు హెచ్‌డీఎఫ్5 ఫార్మాట్‌లో ఉంటుంది. మూడు బలమైన కిరణాలకు మూడు ప్రొఫైల్ గ్రూపులు. ఒక్కో గ్రూపులో హై రేట్ అన్న విభాగం మనకు కావాల్సింది. 400 లేజర్ పల్సులను కలిపి ఒక ప్రొఫైల్ చేస్తారు. అంటే సెకనుకు 25, నేల మీద దాదాపు 280 మీటర్లకొకటి. నిలువునా 30 మీటర్ల మెట్లు. ఈ 30 మీటర్లు గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ఎగిరే మంచుకు సంబంధించిన వేరియబుల్స్ అన్నీ బీస్నో అన్న పేరుతో మొదలవుతాయి. బీస్నో హెచ్ పొర పైకొస ఎత్తు, బీస్నో ఓడీ దాని ఆప్టికల్ డెప్త్ (పొర కాంతిని ఎంత అడ్డుకుంటుందన్న కొలత), బీస్నో కాన్ నమ్మకపు స్థాయి. అసలు పని ఈ మూడోదానితో. ఇది మైనస్ 3 నుంచి 6 దాకా ఉంటుంది. మైనస్ 3 అంటే నేల కనబడలేదు. మైనస్ 2 అంటే గాలి చాల్లేదు. మైనస్ 1 అంటే వెతికినా పొర దొరకలేదు. 0 అంటే పొర పైకొస తేలలేదు. 1 నుంచి 6 దాకా నమ్మకం పెరుగుతూ పోతుంది. 1 అంటే దాదాపు ఏమీ లేనట్టే, కాబట్టి దాన్ని గుర్తింపు కింద లెక్కేయకపోవడం మంచిది. 2 దగ్గర కోసి ఒకసారి, 3 దగ్గర కోసి ఒకసారి చేసి, రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూపించండి. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉన్న ప్రాంతంలో మీ నిర్ధారణ బలహీనమని అర్థం.

ఎక్కువమంది బోల్తా పడేది హారం దగ్గర. ఎగిరే మంచు కనబడ్డ శాతం కట్టేటప్పుడు కింద వేసే సంఖ్యలో మైనస్ 3లు ఉండకూడదు. దట్టమైన మేఘం అడ్డొచ్చి నేలే కనబడనప్పుడు, అక్కడ మంచు ఎగరడం లేదని కాదు, మనకు తెలియదని. ఉదాహరణకు 1000 ప్రొఫైళ్లలో 200 మైనస్ 3లు, 240 గుర్తింపులు ఉన్నాయనుకోండి. అన్నీ కలిపి భాగిస్తే 24 శాతం, సరిగ్గా భాగిస్తే 30 శాతం. మైనస్ 2లు మాత్రం హారంలో ఉండాల్సిందే, అవి మంచు ఎగరడానికి గాలి చాలని సమయాలు.

అయితే ఆ 30 శాతాన్ని కూడా మేఘం పల్చగా ఉన్నప్పటి లెక్కగానే చెప్పాలి. పెను తుఫాన్లు తీరానికొచ్చినప్పుడు గాలీ ఎక్కువే, మేఘమూ దట్టమే. అంటే అతి ఎక్కువ మంచు ఎగిరే గంటలే లేజర్‌కు కనబడవు. ఇది ఏటీఎల్09 ఒక్కదాని లోపం కాదు, పైనుంచి చూసే ఏ లైడార్‌కైనా తప్పని పరిమితి. తూర్పు అంటార్కిటికా పీఠభూమి మీద ఆకాశం తరచూ నిర్మలంగా ఉంటుంది కాబట్టి అక్కడ డేటాను ధైర్యంగా వాడొచ్చు. తీరప్రాంతంలో మాత్రం జాగ్రత్త.

రెండో పరిమితి ఆ 30 మీటర్ల మెట్టు. మంచు కదలడం మొదట నేలకు ఆనుకునే జరుగుతుంది. పది సెంటీమీటర్ల లోపు ఎత్తులో తునకలు గెంతుతూ పోతాయి, ఒకటి పడి మరికొన్నిటిని లేపుతుంది. కెనడా మైదానాల్లో 1997లో లి, పొమెరాయ్ ప్రచురించిన కొలతల్లో పొడి మంచు కదలడానికి పది మీటర్ల ఎత్తున సగటున సెకనుకు 7.7 మీటర్ల గాలి, తడి మంచుకు 9.9 మీటర్ల గాలి కావాల్సి వచ్చింది. గాలి ఇంకా పెరిగితేనే సన్నటి తునకలు పైకి లేచి, పదుల నుంచి వందల మీటర్ల పొరగా మారతాయి. లేజర్‌కు దొరికేది ఈ రెండో దశ. మోకాలెత్తులో రోజంతా పారే మంచు కింది మెట్టులోని నేల వెలుగులో కలిసిపోయి అసలు కనబడదు. ఆ మంచు ఒకచోట గీరి ఇంకోచోట పోస్తుంది. స్థానికంగా పేరుకునే మంచు లెక్కకు అది చాలా ముఖ్యం.

కాబట్టి నేల మీది పరికరాలతో పోల్చేటప్పుడు ఏది ఏ ఎత్తున కొలుస్తోందో ముందు చూడండి. అడెలీ ల్యాండ్‌లో ఫ్రెంచివాళ్లు డీ17, డీ47 అనే చోట్ల పెట్టిన ఫ్లోక్యాప్ట్ పరికరం మీటరు పొడవున్న గొట్టం. మంచు తునకలు దానికి తగిలే చప్పుడును బట్టి ఎంత మంచు పోతోందో చెబుతుంది. అది చూసేది నేల దగ్గరి మంచును, ఏటీఎల్09 చూసేది దానికి పై పొరను. రెండూ ఒకే రోజున ఒకే మాట చెప్పకపోతే ఏదో ఒకటి తప్పని తేల్చేయకండి.

మూడోది చాలామందికి తెలియని చిక్కు, కాస్త వివరంగా చెప్పాలి. సెకనుకు 10,000 పల్సులంటే రెండు పల్సుల మధ్య కాంతి 30 కిలోమీటర్లు నడుస్తుంది, పోనూ రానూ కలిపి. అంటే 15 కిలోమీటర్ల ఎత్తు. ఒక పల్సు నేలను తాకి తిరిగొచ్చే క్షణానికే, దాని వెనకాల వచ్చే పల్సు 15 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మేఘానికి తగిలి వెనక్కి వస్తుంది. పరికరం ఈ రెండింటినీ విడదీయలేదు. పైనున్న మేఘం నేల దగ్గర ఉన్నట్టు మడతపడి కనిపిస్తుంది. మామూలు చోట్ల 15 కిలోమీటర్ల పైన పెద్దగా ఏమీ ఉండదు. అంటార్కిటికా శీతాకాలంలో మాత్రం సరిగ్గా ఆ ఎత్తుల్లోనే ధ్రువ స్ట్రాటోస్ఫియర్ మేఘాలు పరుచుకుంటాయి. మంచు బాగా ఎగిరే కాలమూ అదే. దీనికోసమే బీస్నో పీఎస్‌సీ అన్న జెండా (హెచ్చరిక గుర్తు) పెట్టారు. 0 అయితే ఇబ్బంది లేదు, 3 అయితే ప్రమాదం అత్యధికం. అది నెలనూ ధ్రువాన్నీ బట్టి వేసే జెండా, ఆ ప్రొఫైల్‌లో మేఘం నిజంగా ఉందో లేదో చూసి వేసింది కాదు. కాబట్టి 3 ఉన్నవన్నీ గుడ్డిగా తీసేస్తే శీతాకాలమంతా పోతుంది. ఉంచి, గాలి వేగంతో సరిచూసుకోవడం మేలు. అదే ఫైలులో పది మీటర్ల ఎత్తు గాలి రెండు భాగాలుగా ఉంటుంది. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. సెకనుకు ఐదారు మీటర్లకు మించని గాలిలో 400 మీటర్ల ఎత్తు పొర కనబడిందంటే అనుమానించాల్సిందే. అయితే ఆ గాలి కొలిచింది కాదు, నాసా వాతావరణ మోడల్ ఇచ్చింది. సన్నటి లోయల్లో దూకే కటబాటిక్ గాలిని ఆ మోడల్ తక్కువగా చూపే వీలుంది.

నిర్మలమైన ఆకాశంలో మెరుస్తూ రాలే సన్నటి మంచు స్ఫటికాలు, పైనుంచి కురిసే అసలు మంచు, నేల నుంచి లేచిన మంచు లేజర్‌కు ఒకేలా కనబడతాయి. ఇక్కడా గాలివేగమే దిక్కు.

ఇప్పుడు గిగాటన్నుల దగ్గరికి వద్దాం. వెనక్కొచ్చిన వెలుగు తునకల అడ్డుకోత వైశాల్యానికి అనుగుణంగా ఉంటుంది, అంటే వ్యాసార్థం వర్గానికి. బరువు వ్యాసార్థం ఘనానికి. కాబట్టి వెలుగు నుంచి బరువుకు వెళ్లాలంటే వ్యాసార్థం తెలియాలి, దాన్ని ఉపగ్రహం కొలవదు, మనమే అనుకోవాలి. ఎక్స్‌టింక్షన్ (పొర కాంతిని తగ్గించే రేటు) కిలోమీటరుకు 1 ఉన్న పొరను తీసుకుందాం. తునక వ్యాసార్థం 40 మైక్రాన్లు అనుకుంటే ఘనపు మీటరు గాలిలో సుమారు 0.024 గ్రాముల మంచు. గాలి సెకనుకు 15 మీటర్లు, పొర 100 మీటర్లు అయితే, గాలికి అడ్డంగా ఒక్క మీటరు వెడల్పులోంచి రోజుకు దాదాపు 3.2 టన్నులు దాటిపోతుంది. అదే 60 మైక్రాన్లు అనుకుంటే 4.75 టన్నులు. ఉపగ్రహం చెప్పింది ఏమీ మారలేదు, మన ఊహ మారితే సగానికి సగం పెరిగింది.

ఆవిరయ్యే లెక్కకు దీనిపైన ఇంకో ఊహ తోడవుతుంది. ఉష్ణోగ్రత, తేమ మోడళ్ల నుంచి తెచ్చుకోవాలి. ఎగిరే మంచు గాలిని తేమగా మార్చేస్తుందన్న సంగతి లేని మోడల్ నుంచి తేమను తెచ్చుకుంటే గాలి ఉన్నదానికంటే పొడిగా కనబడుతుంది, ఆవిరయ్యే మంచు ఎక్కువగా వస్తుంది. 393కీ 175కీ మధ్య దూరానికి ఒక ముఖ్య కారణం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. రాక్మో లాంటి మోడళ్లలో మంచు ఎగిరినప్పుడల్లా తేమ పెరిగి, తనకు తానే కళ్లెం వేసుకుంటుంది. అలాగని మోడలే సరైనదని కూడా కాదు. దానిలో మంచు ఏ గాలికి లేస్తుందన్నది ఉపరితల మంచు సాంద్రత మీద ఆధారపడిన సూత్రం, అదీ ఊహే. మీరు ఏటీఎల్09తో ఆవిరి లెక్క కట్టదలిస్తే వ్యాసార్థం, తేమ రెండింటినీ కనీసం మూడేసి విలువలతో మార్చి చూసి, అంకెకు బదులు పరిధి చెప్పండి.

బెంగళూరు నుంచి వాడటంలో ఉన్న సాధకబాధకాలు కొన్ని. ఉపగ్రహం రోజుకు 15 చుట్లు తిరుగుతుంది, ఒక్కో ఏటీఎల్09 ఫైలు వందల మెగాబైట్ల నుంచి గిగాబైటు దాటేదాకా ఉండొచ్చు. పీజీ వైఫై మీద ఒక్క శీతాకాలం మొత్తం దించుకోవాలని చూస్తే వారాలు గడిచిపోతాయి. డేటా అమెజాన్ క్లౌడ్‌లో ఆరెగాన్ రీజియన్‌లో ఉంది. దగ్గర కదా అని ముంబై రీజియన్‌లో సర్వర్ తెరిస్తే నేరుగా ఎస్3 (అమెజాన్ క్లౌడ్ నిల్వ) నుంచి చదవడానికి అనుమతి రాదు. ఆ దారి ఆరెగాన్ రీజియన్ లోపలి నుంచి వచ్చేవాళ్లకే. సర్వర్ అక్కడే తెరిచి, ఎర్త్‌యాక్సెస్ అనే పైథాన్ లైబ్రరీతో లాగిన్ అయి, కావాల్సిన తొమ్మిది వేరియబుల్స్ మాత్రం తీసి, చిన్న ఫైలుగా చేసి ఇక్కడికి తెచ్చుకోండి. అక్షాంశం, రేఖాంశం, సమయం, బీస్నో నాలుగూ, గాలి రెండు భాగాలు చాలు.

ఖాళీ విలువలు 3.4 పక్కన 38 సున్నాల స్థాయి సంఖ్యగా నింపి ఉంటాయి, తీసేయకుండా సగటు కడితే మీ పొర ఎత్తు విశ్వం దాటిపోతుంది. అన్ని ఫైళ్లూ ఒకే రిలీజ్‌వి అయ్యుండాలి, పాతా కొత్తా కలపొద్దు. 2019 జూన్ చివర నుంచి జూలై మొదటి వారం దాటేదాకా, 2024 మే నెల సౌర తుఫాను తర్వాత కొన్ని వారాలూ ఉపగ్రహం ఆగింది. ఆ నెలల శాతాలను మిగతావాటితో సమానంగా చూడకండి.

మ్యాప్ వేసేటప్పుడు ఇంకో మాట. కక్ష్యలన్నీ 88 డిగ్రీల దగ్గర గుమిగూడతాయి కాబట్టి ప్రొఫైళ్లన్నీ కలిపి సగటు తీస్తే ధ్రువం దగ్గరి భాగం మొత్తాన్ని మింగేస్తుంది. ముందు గడులుగా విడగొట్టి గడికొక శాతం కట్టి, తర్వాత వైశాల్యంతో సగటు తీయాలి. అందరూ వాడే 3031 నంబరు మ్యాప్ ప్రొజెక్షన్ బొమ్మకు బాగుంటుంది గానీ దానిలో ధ్రువం దగ్గర వైశాల్యం 5 శాతం పైగా తేడా వస్తుంది. మొత్తాలు కట్టడానికి 6932 నంబరున్న సమవైశాల్య ఈజ్ గ్రిడ్ వాడండి. ఇదంతా వద్దు, నెలవారీ మ్యాప్ చాలనుకునేవాళ్లకు ఏటీఎల్17 అని సిద్ధంగా గడులు కట్టిన డేటా ఉంది. తరగతి ప్రాజెక్టుకు అది సరిపోతుంది.

మంచు ఎత్తు కోసం ఏటీఎల్06 వాడేవాళ్లు కూడా ఈ జెండాలను పట్టించుకోవాలి. ఎగిరే మంచులో కాంతి అటూ ఇటూ చెదిరి ఆలస్యంగా తిరిగొస్తుంది, దాంతో నేల ఉన్నదానికంటే కిందున్నట్టు తేలుతుంది. ఏటా సెంటీమీటర్ల మార్పు వెతికేచోట ఇది చిన్న విషయం కాదు, పైగా ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగే దోషం. ఏటీఎల్09లోని ఎంఎస్‌డబ్ల్యూ జెండా 4 లేదా 5 ఉంటే ఎగిరే మంచు వల్ల చెదిరిందని అర్థం. 5 ఉన్నవాటిని తీసేయండి, 4 ఉన్నవాటిని ఉంచీ తీసీ రెండు విధాలా చూడండి.

స్కోరు చెప్పమంటే, ఎగిరే మంచు ఎక్కడెక్కడ ఎంత తరచన్న దానికి ఐదుకు నాలుగున్నర. పొర ఎత్తుకు నాలుగు. రవాణా అయ్యే మంచు బరువుకు రెండున్నర. ఆవిరయ్యే గిగాటన్నులకు ఒంటరిగా వాడితే ఒకటిన్నర, రాక్మో గానీ మార్ గానీ లాంటి మోడల్ తప్పొప్పులు చూడటానికి వాడితే మళ్లీ నాలుగు. ఈ ఆఖరి వాడకమే దీని అసలైన విలువని మేము నమ్ముతున్నాం. మోడల్ మంచు ఎగిరిందన్న రోజున ఏటీఎల్09లో పొర కనబడిందా, కనబడితే ఎత్తు సరిపోయిందా అని రోజూ చోటూ జతచేసి చూస్తే, మోడల్ ఏ గాలి వేగం దగ్గర తడబడుతోందో బయటపడుతుంది.

మొదలుపెట్టేవాళ్లు ఖండమంతా ఒక్కసారి పట్టుకోకుండా మన మైత్రి స్టేషన్ ఉన్న షిర్మాకర్ ఒయాసిస్ చుట్టుపక్కల నుంచి మొదలుపెట్టొచ్చు. దక్షిణాన గాలి మంచునంతా ఊడ్చేసి నీలి మంచును బయటపెట్టిన ప్రాంతాలున్నాయి. ఉత్తరాన సముద్రం మీద తేలే మంచు పలక మీద 1983–84లో కట్టిన మన తొలి స్టేషన్ దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోయి, మూసేయాల్సి వచ్చింది. ఒకే గాలి గీరేచోటూ పోసేచోటూ దగ్గరదగ్గరగా ఉన్న ఇలాంటి ప్రాంతంలో ఒక శీతాకాలం, జూన్ నుంచి ఆగస్టు దాకా, అక్షాంశం 70 నుంచి 72 డిగ్రీల మధ్య, రేఖాంశం 10 నుంచి 13 డిగ్రీల తూర్పు మధ్య కోసి తీసుకుంటే డేటా ల్యాప్‌టాప్‌లో పట్టేంత ఉంటుంది.